అప్‌డేట్: అమలాపురం వచ్చిన డాక్టర్లం, ఖాళీ దొరికితే ఏం చేస్తున్నామంటే

హైదరాబాద్ వదిలి అమలాపురం వస్తున్నాం, డ్యూటీ లేనప్పుడు కాలక్షేపం ఏముంటుందని అడిగాను కదా. నేను ఫిజీషియన్ని, మా ఆవిడ పిల్లల డాక్టర్.

"పాపికొండలు వెళ్లండి" అన్నవాళ్లే ఎక్కువ. వెళ్లాం, బాగుంది. కానీ ఆన్‌కాల్‌లో ఉంటే అది కుదరని పని. లోపలికి వెళ్లాక ఫోన్ మీద ఆశ పెట్టుకోలేం, వరదొస్తే బోట్లే ఆపేస్తారు.

మాకు అసలు పనికొచ్చింది కాలువ గట్టు! 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా అంతా పారిన కాలువలే ఇప్పుడు మా జిమ్ము. తెల్లారకుండా సైకిళ్లు తీస్తే ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క కొబ్బరితోటలు, ఎక్కడా ఎత్తు అనేదే లేదు. పిలుపొస్తే కాసేపట్లో వార్డులో ఉంటాం. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తే బురద వాసన. అప్పుడు ఓడలరేవు బీచికి.

తీరిక ఎక్కువుంటే ముక్తేశ్వరం రేవులో సైకిళ్లు పంటు (బల్లకట్టు లాంటి పడవ) ఎక్కించి, గోదావరి పాయ గౌతమి దాటి కోటిపల్లిలో దిగుతాం. పంటు మీద ఎవరో ఒకరు "డాక్టరుగారూ, ఈ బీపీ బిళ్ల మార్చమంటారా?" అనకుండా ఉండరు. సెలవంటే ఇక్కడ ఇంతే, నాకేం బాధ లేదు.

కోరింగ మడ అడవికి మాత్రం చలికాలంలో వెళ్లండి, వలస పక్షులుంటాయి. బావురు పిల్లి కోసమైతే ఎదురుచూడకండి, అది రాత్రి తిరిగే జంతువు.

పులస చేప సంగతి అడిగినవాళ్లకి: వరద నీళ్లొచ్చాకే దొరుకుతుంది, ధర ముందే కనుక్కోండి.