గ్రూప్-2 కోసం ఉద్యోగం మానేయాలా, చేస్తూనే చదవాలా?

షిఫ్ట్ డ్యూటీ:
అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్రొడక్షన్‌లో చేస్తున్నాను. చేతికి 23 వేలు వస్తాయి. వారానికో షిఫ్ట్ మారుతుంది. పెళ్లై ఏడాదిన్నర, అమ్మ మాతోనే ఉంటుంది. డిగ్రీ అయినప్పటి నుంచి గ్రూప్-2 రాసి సర్కారు ఉద్యోగం కొట్టాలని ఉంది. పుస్తకాలు కొన్నాను, మొదలుపెట్టాను. కానీ నైట్ షిఫ్ట్ వారం రాగానే అంతా తప్పిపోతుంది. మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను. సింధు నాగరికత ఇప్పటికి నాలుగుసార్లు చదివాను, కాకతీయుల దాకా ఒక్కసారీ రాలేదు.

కోచింగ్ సెంటర్‌లో అడిగితే "రెండు పడవల మీద కాళ్లు పెట్టకు, రిజైన్ చేసి రా" అన్నారు. బ్యాంకులో లక్షా పదివేలు ఉన్నాయి. నా భార్య "నీ ఇష్టం" అంది. కానీ ఆ మాట అన్న రాత్రి తను నిద్రపోలేదు, నాకు తెలుసు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

అశోక్‌నగర్ పాత కాపు:
తమ్ముడూ, మానేయకు. నేను మానేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

2022 ఏప్రిల్‌లో మన తెలంగాణలో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ రాగానే, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ పని వదిలేసి హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకున్నా. ఒక్క ఏడాది అనుకున్నా. అక్టోబర్‌లో ప్రిలిమ్స్, అంటే మొదటి వడపోత పరీక్ష, రాశాం. పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ రాశాం, సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్. గ్రూప్-2 సంగతీ అంతే. 2022 డిసెంబర్‌లో 783 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు, 2023 ఆగస్టులో జరగాల్సిన పరీక్ష వాయిదా మీద వాయిదా పడి 2024 డిసెంబర్ 15, 16 తేదీల్లో జరిగింది. అంటే రెండేళ్లు. నా డబ్బులు పదకొండో నెలకే అయిపోయాయి.

ఆ తర్వాత నాన్న ఫోన్ చేసినప్పుడల్లా "తిన్నావా" అని ఒక్కటే అడిగేవాడు. డబ్బు కావాలా అని అడిగితే నేను చిన్నబోతానని ఆయన భయం. నేనేమో తిన్నానని చెప్పి, ఐదు రూపాయల భోజనం క్యూలో నిలబడేవాణ్ణి.

ఇంకో మాట. రోజుకు పన్నెండు గంటలు చదువుతున్నానని అందరికీ చెప్పేవాణ్ణి, నేనూ అదే నమ్మాను. ఒక వారం గడియారం చూసి రాసుకుంటే ఐదున్నర గంటలు తేలింది. మిగతాదంతా చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ కొట్టు దగ్గర పోయింది. కటాఫ్ ఎంత, కోర్టు కేసు ఏమైంది, పోస్టులు పెరుగుతాయా, ఇవే మాటలు. ఇప్పుడు మళ్లీ స్కూల్లో చెబుతున్నా. పొద్దున రెండు గంటలు చదువుతున్నా. ఆ రెండు గంటల్లో టెన్షన్ లేదు, ఎందుకంటే నెలాఖరుకి జీతం పడుతుంది. పరీక్ష ఎప్పుడు పెడతారన్నది మన చేతిలో లేదు. ఎప్పుడు పెట్టినా అప్పటిదాకా ఇల్లు గడవాలి కదా.

మెయిన్స్ రాసినమ్మాయి:
అన్నా, మీ బాధ అర్థమవుతోంది కానీ అందరినీ ఒకే గాటన కట్టకండి. నేను మానేశాను, మానేసినందుకే మెయిన్స్ రాయగలిగాను. గ్రూప్-1 మెయిన్స్ అంటే బిట్లు పెట్టడం కాదు. 2024 అక్టోబర్ 21 నుంచి 27 దాకా ఏడు పేపర్లు, ఒక్కోటి మూడు గంటలు చేత్తో రాయాలి. ఆఫీసు నుంచి ఎనిమిదింటికి ఇంటికొచ్చి, వంట చేసి, అప్పుడు కూర్చుని మూడు గంటల పేపర్ ప్రాక్టీస్ చేయడం నా వల్ల కాలేదు. నాలుగు నెలలు ప్రయత్నించి చూసే చెబుతున్నాను.

పైగా మా ఇంట్లో ఉద్యోగం మానేస్తేనే నేను నిజంగా చదువుతున్నానని నమ్మారు. అంతవరకు నా పుస్తకం తెరిచి ఉన్నా "ఖాళీగానే ఉన్నావుగా, ఈ బట్టలు మడతపెట్టు" అనేవాళ్లు.

సచివాలయం అక్క:
నేను గుంటూరు జిల్లాలో గ్రామ సచివాలయంలో చేస్తాను. ఇద్దరు పిల్లలు. మా ఏపీ గ్రూప్-2 ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న, మెయిన్స్ 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. మధ్యలో ఏడాది. మెయిన్స్ దాకా వెళ్లాను, పోస్టు రాలేదు. మళ్లీ రాస్తాను. మానేసి చదివుంటే వచ్చేదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది, అబద్ధం చెప్పను. కానీ ఫలితాలు వచ్చిన మర్నాడు కూడా నేను మామూలుగా డ్యూటీకి వెళ్లాను, పిల్లల ఫీజు కట్టాను. ఆ బలం వేరు.

షిఫ్ట్ డ్యూటీ తమ్ముడూ, నీ ఇబ్బంది ఉద్యోగం కాదు. తప్పిన ప్రతిసారీ సింధు నాగరికతకి తిరిగి వెళ్తున్నావు చూడు, అదే నిన్ను తినేస్తోంది. నాకు ఒకటో తేదీ పింఛన్ల పంపిణీ ఉంటుంది. తెల్లవారకముందే ఇల్లు వదలాలి, వేలిముద్రలు పడని ముసలివాళ్ల దగ్గర ఎంతసేపు పడుతుందో తెలియదు. మొదట్లో ఆ రోజు కూడా చదవాలని పట్టు పట్టి, కుదరక, మర్నాడు రెట్టింపు చదవబోయి, అదీ కుదరక నాలుగైదు రోజులు పుస్తకం ముట్టుకునేదాన్ని కాదు. తర్వాత క్యాలెండర్‌లో ముందు రోజూ ఒకటో తేదీ రెండూ నేనే కొట్టేశాను. ఆ రోజుల్లో చదువు లేదు. అప్పు కింద కూడా రాసుకోను. పుస్తకం మూసేటప్పుడు పెన్సిల్‌తో "ఇక్కడి నుంచి" అని గీత పెడతాను. మూడో రోజు ఆ గీత దగ్గరే తెరుస్తాను. వెనక్కి వెళ్లను.

నీకు నైట్ వారం ఉన్నప్పుడు కొత్త పాఠం పెట్టుకోకు. పాత ప్రశ్నపత్రం నుంచి ఇరవై బిట్లు చాలు. జనరల్ షిఫ్ట్ వారంలో ఎకానమీ లాంటి బరువైనవి చదువు.

ఇంకొకటి చెప్పాలి. నాకు దొరికే పొద్దుటి గంటన్నర ఊరికే రాలేదు. అప్పుడు పొయ్యి దగ్గర మా అత్తగారు నిలబడతారు, మోకాళ్ల నొప్పులతోనే. అందుకే ఆదివారం నేను పుస్తకం తీయను, ఆవిడను వంటగదిలోకి రానివ్వను. తమ్ముడూ, నువ్వు చదివే గంటలో మీ ఇంట్లో పని ఎవరు చేస్తున్నారు? మీ ఆవిడకి కూడా ఏదైనా చదవాలని ఉందేమో ఎప్పుడైనా అడిగావా?

మెయిన్స్ రాసినమ్మాయి:
అక్కా, అందరికీ మీ అత్తగారి లాంటివాళ్లు దొరకరు. నాకు దొరకలేదు కాబట్టే జీతం వదులుకుని ఆ సమయం కొనుక్కున్నాను.

అశోక్‌నగర్ పాత కాపు:
చెల్లీ, గ్రూప్-1 మెయిన్స్ విషయంలో నువ్వు చెప్పింది నిజమే, నా మాట కాస్త సవరించుకుంటున్నా. ప్రిలిమ్స్ పాసై, మెయిన్స్ తేదీ చేతికొచ్చాక మూడు నాలుగు నెలలు సెలవు పెట్టడమో మానడమో వేరే సంగతి. అక్కడ ఒడ్డు కనిపిస్తోంది. నేను నోటిఫికేషన్ చూసి మానేశా. తమ్ముడైతే నోటిఫికేషన్ కూడా లేకుండా మానేద్దామంటున్నాడు. అతను రాసేది గ్రూప్-2, నాలుగు పేపర్లు, 600 మార్కులు, అన్నీ బిట్లే. ఇది కొంచెం కొంచెంగా చదివి పోగేసుకోగలిగిన పరీక్ష.

షిఫ్ట్ డ్యూటీ:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇంటి ఖర్చు కాగితం మీద రాశాం. అద్దె, సరుకులు, అమ్మ మందులు, బండి పెట్రోలు కలిపి నెలకు 19 వేలు. నా దగ్గరున్నది ఆరు నెలలకు కూడా రాదు. రిజైన్ చేయట్లేదు.

అక్కా, మీరు అడగమన్నది అడిగాను. తను బీఈడీ చేసిందని నాకు తెలుసు, కానీ టెట్ పుస్తకాలు పెళ్లప్పుడు తెచ్చుకున్న పెట్టెలో అట్టలు వేసి అలాగే ఉన్నాయని తెలియదు. "అడుగుతావేమో అని చూశా" అంది. నాకు మాట రాలేదు. ఇకనుంచి ఫస్ట్ షిఫ్ట్ వారాల్లో సాయంత్రం రెండు గంటలు తనవి, వంట నాది. సెకండ్ షిఫ్ట్ వారాల్లో పొద్దున నావి.

సూపర్‌వైజర్‌ని కూడా అడిగాను, వారం వారం మార్చకుండా రెండేసి వారాలు ఒకే షిఫ్ట్ ఇవ్వమని. చూస్తానన్నారు.

ఇవాళ పుస్తకం నేరుగా కాకతీయుల దగ్గర తెరిచాను. పదకొండు పేజీలు అయ్యాయి, పెన్సిల్ గీత పెట్టాను. సోమవారం నుంచి నైట్. డ్యూటీ దిగి వచ్చాక పడుకునే ముందు చదివితే బుర్రకెక్కుతుందా, మధ్యాహ్నం లేచాక మేలా? నైట్ షిఫ్టులు చేస్తూ చదివినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.