చలికాలం ఐదు నెలలు వెచ్చని దేశంలో ఉండాలంటే: ఊరు, వీసా, ఇక్కడి ఇల్లు

తూర్పెండ:
అందరికీ నమస్కారం. మేమిద్దరం ఉండే చోట నవంబరు నుంచి మార్చి చివరిదాకా మంచే. ఒకరికి కీళ్ల నొప్పులు, ఇంకొకరికి చలికాలపు చీకటితో వచ్చే దిగులు. పర్మినెంట్ రెసిడెన్సీ ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు. పెన్షన్, అద్దె కలిపి నెలనెలా ఆదాయం వస్తుంది, ఉద్యోగం చేయనక్కర్లేదు. మొదట చలి నెలలు మాత్రం దక్షిణ యూరప్‌లోనో ఆగ్నేయాసియాలోనో ఉండి, నచ్చితే పూర్తిగా మారిపోవాలని ఆలోచన. ఊరు ఎంచుకునేటప్పుడు ఏ లెక్కలు చూడాలి? టూరిస్టు వీసా సరిపోతుందా? తాళం వేసిన ఇంట్లో పైపులు పగలకుండా ఏం చేయాలి?

దక్షిణవాకిలి:
పగటి ఉష్ణోగ్రత చూసి ఊరు ఎంచుకోకండి. జనవరి రాత్రులు ఎంతకు దిగుతాయో చూడండి, తర్వాత ఇల్లు చూడండి.

లిస్బన్‌లో జనవరి పగలు 15 డిగ్రీల దగ్గర, రాత్రి 8 దగ్గర ఉంటుంది. వినడానికి హాయిగానే ఉంది. కానీ అక్కడి పాత ఇళ్లలో చాలావాటికి సెంట్రల్ హీటింగ్ ఉండదు, గోడల్లో ఇన్సులేషన్ ఉండదు, నేలంతా టైల్స్, కిటికీలకు ఒంటి అద్దం. ముసురు పట్టిన వారంలో గది 14, 15 డిగ్రీలకు దిగిపోతుంది, తేమకు గోడ మూలల్లో నల్ల బూజు పడుతుంది. బయట మైనస్ 20 ఉన్నా ఇంట్లో 21 డిగ్రీలకు అలవాటుపడ్డ ఒంటికి ఈ చలి పెద్ద కష్టం. కీళ్ల నొప్పులున్నవాళ్లకు మరీ.

అద్దెకు తీసుకునేముందు నాలుగు సంగతులు కనుక్కోండి: గదులకు దక్షిణపు ఎండ వస్తుందా, కిటికీలకు రెండద్దాలున్నాయా, ఏసీ వేడిగాలి కూడా ఇస్తుందా, కరెంటు కనెక్షన్ లోడు ఎంత. ఈ చివరిది ఎవరూ అడగరు. పోర్చుగల్‌లో చిన్న ఫ్లాట్లకు 3.45 కేవీఏ (దాదాపు 3,450 వాట్లు) కనెక్షన్ మామూలు. 2,000 వాట్ల హీటరు నడుస్తుండగా వాటర్ హీటరో ఓవెనో వేస్తే మెయిన్ పడిపోతుంది. ఫొటోలు చూసి ఆరు నెలల అగ్రిమెంటు రాయకండి. బీరువా వెనక గోడ, ఉత్తరం వైపు గది కళ్లారా చూడాలి.

రాత్రి కూడా వెచ్చగా కావాలంటే ఇంకా దక్షిణానికి పోవాలి. కానరీ దీవుల్లో లాస్ పాల్మాస్‌లో జనవరి పగలు సుమారు 21, రాత్రి 15.

దిగులుకు మందు వెచ్చదనం కంటే వెలుతురు. అది అక్షాంశాన్ని బట్టి వస్తుంది. డిసెంబరు 21 నాటికి 60 డిగ్రీల అక్షాంశం దగ్గర పగలు ఆరు గంటలకు లోపే. లిస్బన్‌లో తొమ్మిదిన్నర, లాస్ పాల్మాస్‌లో పది గంటల పైచిలుకు, బ్యాంకాక్‌లో పదకొండుకు పైన.

ఆగ్నేయాసియా అంతా ఒకే వాతావరణం అనుకోవద్దు. థాయిలాండ్‌లోనే ఫుకెట్ వైపు డిసెంబరుకు వానలు తగ్గిపోతే, కో సముయి వైపు నవంబరులోనే కుండపోత. చియాంగ్ మాయి నవంబరు నుంచి జనవరి దాకా చల్లగా బాగుంటుంది. ఫిబ్రవరి చివర్నుంచి ఏప్రిల్ దాకా పొలాలు, అడవులు తగలబడే పొగ ఊరిని కమ్మేస్తుంది. అక్కడికి వెళ్తే ఫిబ్రవరి మధ్యలోనే దక్షిణానికి మారేలా టికెట్లు చూసుకోండి.

రోజులలెక్క:
తూర్పెండ గారూ, మీ ప్రణాళికలో అసలు చిక్కు రోజుల దగ్గరే ఉంది.

షెంగెన్ దేశాలన్నింటికీ (ఒకే వీసా, ఉమ్మడి సరిహద్దు ఉన్న యూరప్ దేశాలు) కలిపి ఏ 180 రోజుల్లో చూసినా పర్యాటకులకు 90 రోజులే. పోర్చుగల్‌కో 90, స్పెయిన్‌కో 90 కాదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే. నవంబరు 1న దిగితే 90వ రోజు జనవరి 29, ఆ రోజే బయటపడాలి. లీపు సంవత్సరం కాకపోతే మళ్లీ ఏప్రిల్ 30 దాకా అడుగుపెట్టలేరు. అంటే ఫిబ్రవరి, మార్చి మొత్తం బయటే. 2025 అక్టోబరు నుంచి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటోతో రాకపోకలు కంప్యూటర్‌కెక్కుతున్నాయి, ఒక్కరోజు మించినా దొరికిపోతారు. పైగా మీ పీఆర్ (పర్మినెంట్ రెసిడెన్సీ) కార్డుతో షెంగెన్‌లోకి వీసా లేకుండా వెళ్లనివ్వరు, వాళ్లు చూసేది పాస్‌పోర్టే.

పూర్తిగా మారేవాళ్లకు దారులున్నాయి. స్పెయిన్‌లో ఉద్యోగం చేయనివాళ్ల వీసాకు నెలకు 2,400 యూరోలు, జీవిత భాగస్వామికి మరో 600 చూపాలి (ఐప్రెం అనే సూచికకు నాలుగు రెట్లు, ఆ సూచిక మారితే ఇదీ మారుతుంది). పోర్చుగల్‌లో ఇలాంటిదే డి7 వీసా, దానికి అక్కడి కనీస వేతనమంత ఆదాయం, జీవిత భాగస్వామికి అందులో సగం. 2025లో కనీస వేతనం 870 యూరోలు, కాబట్టి ఆ ఏడాది ఇద్దరికి 1,305 ఉండేది. పెన్షన్, అద్దె రెండూ ఈ ఆదాయం కిందికి వస్తాయి.

అయితే చలి నెలలకు మాత్రమే వెళ్లేవాళ్లు డి7 తీసుకోవద్దు. ఆ పర్మిట్ మీద వరసగా ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. ఐదు నెలలు అక్కడ, ఏడు నెలలు ఇక్కడ అంటే మొదటి ఏడాదే నిబంధన తప్పినట్టు.

ఇక మీ పీఆర్. ఏ దేశమో రాయలేదు కాబట్టి రెండూ చెప్తాను. కెనడా అయితే ఐదేళ్లలో 730 రోజులు అక్కడుంటే పీఆర్ నిలుస్తుంది, ఏటా ఐదు నెలలు బయటున్నా దానికి ఢోకా లేదు. పౌరసత్వానికి మాత్రం ఐదేళ్లలో 1,095 రోజులు కావాలి. ఏడాదికి 214 రోజుల చొప్పున మీకు వచ్చేది 1,070. ఇరవై అయిదు రోజులు తక్కువ! అమెరికా గ్రీన్‌కార్డు అయితే ఒక్క విడతలో ఆరు నెలలు దాటితే పౌరసత్వం లెక్క తెగిపోయినట్టు భావిస్తారు, ఏడాది దాటేలా ఉంటే వెళ్లకముందే, దేశంలో ఉండగానే, ఐ-131 ఫారంతో రీఎంట్రీ పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. నా మాట వినండి: పౌరసత్వం దగ్గరపడి ఉంటే ముందు అది తెచ్చుకోండి.

పన్ను సంగతి ఒక్క ముక్క. 183 రోజులు దాటి ఉంటే ఆ దేశపు పన్ను నివాసిగా లెక్కిస్తారు. ఆ రోజుల్ని స్పెయిన్ క్యాలెండర్ ఏడాదిలో లెక్కిస్తుంది, పోర్చుగల్ ఏ పన్నెండు నెలల్లోనైనా లెక్కిస్తుంది. నవంబరు నుంచి మే దాకా ఉండిపోతే స్పెయిన్‌లో రెండేళ్లకు విడిపోయే రోజులు పోర్చుగల్‌లో ఒకే కుప్పలో పడతాయి.

కాగితాల వరస: మొదట పోలీసు సర్టిఫికెట్, దానిమీద అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాలకు ధ్రువీకరించే ప్రభుత్వ ముద్ర), ఆ తర్వాతే అనువాదం. అపోస్టిల్‌ను కూడా అనువదించమంటారు కాబట్టి ముందే అనువాదం చేయిస్తే మళ్లీ డబ్బు కట్టాలి.

పైపులపని:
ఇంటి విషయం. హీటింగ్ పూర్తిగా ఆపకండి, 12, 13 డిగ్రీల దగ్గర ఉంచండి. దానిమీదే భరోసా పెట్టుకోకండి కూడా. కరెంటు పోతే ఫర్నేస్ (ఇంటిని వేడిచేసే యంత్రం) ఆగుతుంది, పైపుల్లో నీళ్లుంటే గడ్డకడతాయి. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. పైపు చీలిన సంగతి మంచు కరిగి ఇల్లు మునిగాకే తెలుస్తుంది.

ముందు వాటర్ హీటర్ కరెంటు లేదా గ్యాస్ ఆపండి. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంట్ వెలిగితే నిమిషాల్లో కాలిపోతుంది. తర్వాత మెయిన్ వాల్వు కట్టండి. అన్నిటికంటే పైనున్న కుళాయి విప్పి, ఆపై అన్నిటికంటే కిందిది విప్పండి. పైనుంచి గాలి పోతేనే కింద నీరు దిగుతుంది. ఫ్లష్ ట్యాంకులు, వాషింగ్ మెషీన్, ఫ్రిజ్‌లో ఐస్ గొట్టం మర్చిపోవద్దు. సింకుల కింది వంపుల్లో అర లీటరు చొప్పున, కమోడ్‌లో ఒక లీటరు ప్రొపిలీన్ గ్లైకాల్ యాంటీఫ్రీజ్ పోయండి. ఆ వంపులు ఎండితే డ్రైనేజీ గాలి ఇంట్లోకొస్తుంది. కారుకు వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, పొరపాటున కూడా అది పోయకండి.

ఇన్సూరెన్స్ పాలసీలో ఖాళీ ఇంటి షరతు చదవండి. చలికాలంలో ఇన్ని రోజులకోసారి ఎవరో ఒకరు లోపలికెళ్లి చూడాలని, లేదా నీళ్లు కట్టేయాలని చాలా పాలసీల్లో ఉంటుంది. చూసి వెళ్లేవాళ్లు తేదీతో ఫొటో తీసి పంపాలి. క్లెయిమ్ రోజున అదే సాక్ష్యం.

తూర్పెండ:
అందరికీ కృతజ్ఞతలు. మాది బాయిలర్, రేడియేటర్ల ఇల్లు. అందులో నీళ్లు కూడా తీసేయాలా? మందుల విషయం కూడా ఎవరైనా చెప్పండి.

పైపులపని:
తీయొద్దు. రేడియేటర్లది వేరే చుట్టు, కుళాయిలతో పాటు ఖాళీ కాదు. కానీ మెయిన్ కట్టేస్తే బాయిలర్‌కు కొత్త నీరు అందదు. చిన్న లీకు ఉన్నా ప్రెషర్ మెల్లగా పడి బాయిలర్ ఆగిపోతుంది, తర్వాత రేడియేటర్లే గడ్డకడతాయి. బయల్దేరడానికి నెల ముందు మెయిన్ నుంచి బాయిలర్‌కొచ్చే వాల్వు కట్టి, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ రాసుకోండి. మామూలుగా 1 నుంచి 1.5 బార్ ఉంటుంది. రెండు వారాల్లో ముల్లు కదిలితే లీకు ఉన్నట్టే, బాగుచేయించి వెళ్లండి. ఇంట్లో పెట్టే ఉష్ణోగ్రత అలారం సిమ్‌తో, బ్యాటరీతో పనిచేసేది తీసుకోండి. కరెంటు పోతే వైఫై కూడా పోతుంది, మీకు అలారం కావాల్సింది సరిగ్గా అప్పుడే.

దక్షిణవాకిలి:
మందులు: చాలా ట్రావెల్ పాలసీలు బయల్దేరేముందు 90 లేదా 180 రోజుల్లో మోతాదు మారిన జబ్బుకు డబ్బివ్వవు. మార్పులేమైనా ఉంటే వేసవిలోనే డాక్టర్‌తో తేల్చుకోండి. మందులు అసలు పెట్టెల్లోనే, జెనరిక్ పేరు రాసిన చీటీతో తీసుకెళ్లండి. నొప్పికీ నిద్రకూ వాడే కొన్ని మందులకు థాయిలాండ్‌లాంటి చోట్ల ముందస్తు అనుమతి కావాలి. మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మాత్రలు వాడుతుంటే, వేడిలో ఒంట్లో నీరు తగ్గి బీపీ పడిపోవచ్చు. ఒళ్లు ఎండకు అలవాటు పడేందుకు పది పన్నెండు రోజులు పడుతుంది, ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం బీపీ చూసుకోండి.