టీఎఫ్‌టీపీ సర్వర్ రాస్తున్నా, కొన్ని ఫైళ్ళు మాత్రం చివర్లో ఆగిపోతున్నాయి

భీమవరం_కుర్రోడు:
నమస్తే అండి. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లు నడిపే బోర్డు ఒకటుంది, దాంట్లో యూ-బూట్ (బోర్డు ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) నెట్‌వర్క్ మీంచి ఫైల్ లాక్కుంటుంది కదా, ఆ టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంపే చిన్న పద్ధతి) సర్వరేదో మనమే పైథాన్‌లో రాద్దామని దాని రూల్స్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1350 ముందేసుకుని కూర్చున్నా. దాని మామూలు పోర్టు 69 కి రూట్ (అడ్మిన్ అనుమతి) అడుగుతోందని 6969 పెట్టి లాప్‌టాప్‌లోనే టెస్ట్ చేస్తున్నా. 1000 బైట్ల ఫైల్ సుబ్బరంగా వెళ్తోంది, 1024 దైతే రెండు బ్లాకులకీ (512 బైట్ల ముక్కలు) ఏసీకే, అంటే అందిందనే జవాబు, వచ్చేశాక కూడా క్లయింట్ అలా చూస్తా చూస్తా టైమౌట్ అంటోంది. ఏంటండీ ఇది?

కోనసీమ_సాకెట్:
ఫైల్ సైజు మనం ముందు చెప్పట్లేదు కదా తమ్ముడూ, మరి అయిపోయిందని దానికెలా తెలుస్తుంది? 512 కంటే తక్కువ డేటా ఉన్న బ్లాక్ వస్తేనే ఆఖరిదని లెక్క. 1000 లో రెండో బ్లాక్ 488, సరిపోయింది. 1024 లో రెండూ నిండు బ్లాకులే, ఇంకోటి వస్తుందని చూస్తా ఉంటుంది. మూడో నంబరేసి ఖాళీ డేటా ప్యాకెట్ పంపు, అంటే హెడ్డర్ 4 బైట్లే. రీడ్ ఖాళీగా రాగానే లూప్‌లోంచి బ్రేక్ కొట్టేస్తున్నట్టున్నావ్, పంపాక కొట్టు.

రేవుగట్టు:
ఆయ్, అదేనండి. డేటా కూడా 6969 సాకెట్‌తోనే పంపుతున్నారా? ప్రతి రిక్వెస్టుకీ కొత్త సాకెట్ తెరిచి ఆ కొత్త పోర్టు నుంచే పంపాలండి, లేకపోతే రెండో బోర్డు తగిలిన రోజున ఎవరి ఏసీకే ఎవరిదో తెలీదు. ఇదంతా మన సఖినేటిపల్లి రేవులో ఒక్కటే పంటు (గోదావరి దాటించే పడవ) తిరిగినట్టండి, అటెళ్ళింది తిరిగొస్తేనే ఇంకో ట్రిప్పు. ఏసీకే రాకపోతే అదే బ్లాక్ మళ్ళీ పంపండి, కానీ పాత ఏసీకే రెండోసారి వస్తే మాత్రం వదిలేయండి, దానికీ జవాబిచ్చారంటే అక్కణ్ణించి ప్రతి బ్లాకూ రెండేసి సార్లు పోతుంది. 1981 నాటి స్పెక్‌లో ఈ రోగం నిజంగానే ఉండేది, 1989 లో ఆర్‌ఎఫ్‌సీ 1123 సరిచేసింది.

భీమవరం_కుర్రోడు:
ఖాళీ ప్యాకెట్ పెట్టగానే వెళ్ళిపోయిందండీ, థాంక్స్ అండి ఇద్దరికీ. మా ఇమేజ్ 40 ఎంబీ, అది వెళ్తుందా?

కోనసీమ_సాకెట్:
బ్లాక్ నంబర్ 16 బిట్లే, 512 చొప్పున 32 ఎంబీ దగ్గర నంబర్లు అయిపోతాయి. అక్కడ మళ్ళీ సున్నా నుంచి మొదలెట్టేవాళ్ళున్నారు గానీ నాకది నచ్చదు. యూ-బూట్ మామూలుగా రిక్వెస్టులోనే 1468 బ్లాక్‌సైజ్ అడుగుతుంది, అదైతే నీ 40 ఎంబీ పడుతుంది, నీ సర్వర్ పట్టించుకోకపోతే 512 కి దిగిపోతుంది. ఆర్‌ఎఫ్‌సీ 2347, 2348 చూసి ఆప్‌కోడ్ (ప్యాకెట్ రకం నంబరు) 6 తో ఆ సైజు ఒప్పుకో, అవతల్నుంచి సున్నా నంబర్ ఏసీకే వచ్చాకే మొదటి బ్లాక్ పంపు. అన్నట్టు దీనికి పాస్‌వర్డ్ గట్రా ఏమీ ఉండవు, ఫైల్ పేరులో రెండు చుక్కలూ స్లాషూ పెట్టి ఎవడైనా నీ హోమ్ ఫోల్డర్ మొత్తం తోడేసుకోగలడు, అది చెక్ చెయ్యకుండా చెరువు వైఫైలో పెట్టకు.