ఇసినోఫిల్స్ ఒకసారి 90, ఇంకోసారి 460. నా ఆస్తమా ఏ రకం?

ఆయాసరాగం:
నాకు 44 ఏళ్లు. ఆస్తమా 38లో మొదలైంది, చిన్నప్పుడు ఏ ఎలర్జీ లేదు. ముక్కులో పాలిప్స్ (మెత్తటి కండ పెరుగుదలలు) ఉన్నాయి, వాసన దాదాపు తెలియదు. ఏడాదిగా అటాక్‌లు ఎక్కువై మాటిమాటికీ స్టెరాయిడ్ మాత్రలు వాడాల్సి వస్తోంది. "ముందు ఏ రకమో తేలనివ్వండి, ఇంజెక్షన్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు డాక్టరు గారు. రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) మొదటిసారి 90, తర్వాత 460. ఎలర్జీలో పెరిగే ఐజీఈ 70. ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే ఫీనో 58. ఇందులో ఏది నమ్మాలి? ఐజీఈ తక్కువ కాబట్టి ఎలర్జీ ఆస్తమా కాదంటున్నారు. మరి "టైప్ 2" అని ఎందుకు రాశారు? మొదటి రక్త పరీక్ష అటాక్ వచ్చిన వారంలో చేయించాను.

ఊదండి_ఊదండి:
నేను ఊపిరితిత్తుల పరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్‌నండి. రోజంతా "ఊదండి, ఇంకా ఊదండి" అని అరవడమే నా ఉద్యోగం. మందు సంగతి మీ డాక్టరు గారిదే, అంకెల సంగతి మాత్రం చెప్తాను.

అటాక్ వచ్చిన వారం అంటున్నారు, అంటే స్టెరాయిడ్ మాత్రల మీద ఉండి ఉంటారు. ఆ మాత్రలు రక్తంలో ఇసినోఫిల్స్‌ని గంటల్లోనే పడగొట్టేస్తాయి. కాబట్టి ఆ 90 మీ ఆస్తమా గురించి కాదు, మాత్ర గురించి చెప్తోంది. గీనా అనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు కూడా మొదటిసారి తక్కువ వస్తే వదిలేయకుండా, మాత్రల కోర్సు అయ్యాక కనీసం 1-2 వారాలు ఆగి, మూడుసార్ల దాకా మళ్లీ చూడమంటాయి. రోజూ మాత్ర వాడేవాళ్లకైతే వీలైనంత తక్కువ మోతాదు మీద ఉన్నప్పుడు చేయమంటాయి. పరీక్ష కోసమని సొంతంగా మాత్ర మానేయకండి, దాని కంటే ప్రమాదం ఇంకోటి లేదు.

ఇంకో చిన్న విషయం. రిపోర్టులో శాతం ఉంటుంది, అసలు సంఖ్య వేరే. తెల్లకణాలు 8,000 ఉండి ఇసినోఫిల్స్ 5 శాతం ఉంటే 400 అన్నమాట. చాలామంది "నాకు 5 వచ్చింది, నార్మలే కదా" అంటుంటారు. మీది 460 అసలు సంఖ్యే అయితే, 300 దాటింది కాబట్టి ఎక్కువ కిందే లెక్క.

ఇప్పుడు ఫీనో, నాకు బాగా ఇష్టమైన పరీక్ష. ఊపిరి గొట్టాల లోపలి పొరలో వాపు ఉంటే నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువ తయారవుతుంది. ఆ వాపుని రెచ్చగొట్టేది ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతం. పెద్దవాళ్లలో 50 పీపీబీ దాటితే ఎక్కువ, 25 లోపు తక్కువ అంటాం. కానీ సిగరెట్ తాగేవాళ్లకి అంకె కిందకి దిగుతుంది. పాలకూర, బీట్‌రూట్ లాంటివి తిని వస్తే పైకి పోతుంది. స్పైరోమెట్రీ (బలంగా ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) ముందు చేసి ఫీనో తర్వాత చేస్తే కూడా తగ్గొచ్చు, అందుకే నేను ఫీనోనే ముందు చేస్తాను. వచ్చినవాళ్లు "అదేంటి, పోయినసారి ఇది తర్వాత చేశారే" అని అడిగినప్పుడు లోపల్లోపల చిరాకు పడుతుంటాను.

రక్తంలో ఇసినోఫిల్స్‌ని పెంచేది వేరే సంకేతం, ఇంటర్‌ల్యూకిన్-5. కాబట్టి రెండు పరీక్షలూ ఒకే మాట చెప్పవు. రెండూ ఎక్కువున్నవాళ్లకి అటాక్‌ల ముప్పు ఎక్కువ, ఈ దారిని అడ్డుకునే మందులకి ఫలితం కనిపించే అవకాశమూ ఎక్కువ.

టైప్ 2 అంటే ఇలాంటి ఇంటర్‌ల్యూకిన్ సంకేతాలతో నడిచే వాపు, ఎలర్జీ ఒక్కటే కాదు. దుమ్ము, పుప్పొడి లాంటివి లేకపోయినా, ఊపిరి గొట్టాల పొర దెబ్బతిని పంపే టీఎస్‌ఎల్‌పీ లాంటి సంకేతాలకి స్పందించి ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు ఇంటర్‌ల్యూకిన్-5, 13 రెండిటినీ విడుదల చేస్తాయి. పెద్దయ్యాక రావడం, పాలిప్స్, వాసన పోవడం, ఐజీఈ మామూలుగా ఉండటం... మీరు చెప్పినవన్నీ ఆ వైపే చూపిస్తున్నాయి.

ఒక్క హెచ్చరిక. పేగుల్లో పురుగులున్నా ఇసినోఫిల్స్ పెరుగుతాయి. ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు అది చూశారా అని అడగండి.

రెండోషిఫ్ట్:
నా కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇసినోఫిల్స్, ఫీనో ఎన్నిసార్లు చూసినా తక్కువే. బరువు ఎక్కువ, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ డోసు పెంచినా పెద్ద తేడా లేదు. మా డాక్టరు గారు కొత్త మందు రాయలేదు, ముందు ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నానో చూశారు, బరువు తగ్గమన్నారు, ఆ తర్వాత వారానికి మూడుసార్లు అజిత్రోమైసిన్ ఇచ్చారు. దానికి ముందు ఈసీజీ తీయించారు, చెవుల గురించి అడిగారు. ఇక్కడ అందరూ "ఏ ఇంజెక్షన్" అని మాట్లాడుకుంటుంటే మాలాంటివాళ్లకి ఒళ్లు మండుతుంది, నిజం చెప్పాలంటే. "టైప్ 2 కానిది" అనేది పేరే కాదు, మిగిలినవన్నీ పడేసిన బుట్ట.

కణంవెనక:
బుట్ట అన్నది నిజమేనండి. నేను శ్వాసనాళ కణాల్లో జన్యువుల పని మీద ల్యాబ్‌లో ఉన్నాను. 2009లో వుడ్రఫ్ బృందం స్వల్ప ఆస్తమా ఉన్నవాళ్ల గొట్టాల పొర నుంచి కణాలు బ్రష్‌తో తీసి చూస్తే, ఇంటర్‌ల్యూకిన్-13కి స్పందించే పెరియోస్టిన్ లాంటి మూడు జన్యువులు దాదాపు సగం మందిలోనే చురుగ్గా కనిపించాయి. ఇన్‌హేలర్ స్టెరాయిడ్‌కి బాగా స్పందించింది కూడా వాళ్లే. మిగతా సగం ఏమిటన్న ప్రశ్న అప్పటి నుంచి నడుస్తూనే ఉంది.

రకం చూడకుండా మందిస్తే ఏమవుతుందో ఇంటర్‌ల్యూకిన్-5ని అడ్డుకునే ఇంజెక్షన్ మెపోలిజుమాబ్ చూపించింది. 2007లో ఇసినోఫిల్స్ చూడకుండా ఎంచుకున్నవాళ్లకి ఇస్తే ఊపిరి కొలతల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. 2009లో అవి ఎక్కువగా ఉన్నవాళ్లనే తీసుకుని ఇస్తే అటాక్‌లు తగ్గాయి. మందు అదే.

రెండోషిఫ్ట్ గారూ, టీఎస్‌ఎల్‌పీని అడ్డుకునే టెజెపెలుమాబ్ అనే ఇంజెక్షన్‌కి 2021లో అమెరికాలో అనుమతి ఇచ్చినప్పుడు ఇసినోఫిల్స్ ఇంత ఉండాలన్న షరతు పెట్టలేదు. తక్కువున్నవాళ్లలో ఫలితం కొంచెం తక్కువే, అయినా తలుపు పూర్తిగా మూసిలేదు. అడిగి చూడండి.

ఆయాసరాగం:
చాలా టెన్షన్ తగ్గింది. ఊదండి గారూ, నిజమే, ఆ 90 వచ్చినప్పుడు మాత్రల మీదే ఉన్నాను. ఇంకో మాట: ఓసారి ఒళ్లునొప్పులకి ఐబుప్రోఫెన్ వేసుకుంటే గంటలోపే ముక్కు దిబ్బడేసి, పిల్లికూతలు మొదలయ్యాయి. దీనికి సంబంధం ఉందా?

ఊదండి_ఊదండి:
ఉండొచ్చండి, ఇది మొదటి పోస్టులోనే రాయాల్సిన సంగతి! ఆస్తమా, పాలిప్స్, ఆస్పిరిన్ జాతి మాత్రలు పడకపోవడం, మూడూ కలిసి వచ్చే రకం ఒకటుంది. వాళ్లలో ల్యూకోట్రైన్స్ అనే రసాయనాలు విపరీతంగా తయారవుతాయి. నిజంగా అదో కాదో తేల్చుకోవడానికి ఇంట్లో ఇంకో మాత్ర వేసుకుని చూడకండి, ఆ పరీక్ష ఆస్పత్రిలో డాక్టర్ల కళ్ల ముందే చేయాలి. ఈలోపు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ దూరం పెట్టి, ఈసారి కలిసినప్పుడు అన్నిటికంటే ముందు ఇదే చెప్పండి.