కాటా గదిలో రెండో రౌటర్: కరెంటు పోయి వస్తే నెట్ ఆగిపోతోంది

మిల్లు గుమస్తా:
మాది మండపేట దగ్గర రైస్ మిల్లండి. ఆఫీసులో ఫైబర్ కనెక్షన్ రౌటర్ ఉంది, దాని అడ్రసు 192.168.1.1. సిగ్నల్ కాటా గది దాకా అందడం లేదని ఇంట్లో మూలనపడ్డ పాత రౌటర్ తెచ్చి అక్కడ పెట్టి, ఆఫీసు నుంచి వైరు లాగి దాని లాన్ పోర్టులో (సిస్టమ్‌లు కలిపే పోర్టు) గుచ్చాను. ప్రింటర్ కూడా ఆ రౌటర్‌కే ఉంది. మామూలుగా బాగానే నడుస్తుంది, కానీ కరెంటు పోయి వచ్చిందంటే ఏదో ఒక సిస్టమ్‌లో నెట్ ఆగిపోతుంది, ఒకరోజు నాది, ఒకరోజు కాటా గదిది. వైఫై గుర్తు నిండుగానే ఉంటుంది, పేజీ తెరుచుకోదు. దాళ్వా ధాన్యం దిగే రోజులు, కాటా మీద లారీ, దాని వెనక ట్రాక్టర్లు, చీటీ ప్రింటు రాదు. చాలా టెన్షన్‌గా ఉందండి.

పాలకొల్లు కుర్రాడు:
వైరు లాన్‌లో కాదండి, వాన్ పోర్టులో (బయటి నుంచి నెట్ లైను వచ్చే పోర్టు) పెట్టండి, సరిపోతుంది.

మిల్లు గుమస్తా:
పెట్టి చూశానండి. నెట్ నిలబడింది గానీ ఆఫీసు నుంచి ప్రింటర్ కనబడలేదు. మళ్లీ లాన్‌లోకే మార్చేశాను.

తణుకు నెట్‌వర్క్ పని:
నెట్ ఆగిన సిస్టమ్‌లో సీఎండీ (కమాండ్లు టైపు చేసే విండో) తెరిచి ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. అడ్రసు, గేట్‌వే (నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రసు) ఏం వచ్చాయి?

మిల్లు గుమస్తా:
అడ్రసు 192.168.0.104, గేట్‌వే 192.168.0.1. బాగున్న దాంట్లో 192.168.1.15 ఉంది.

తణుకు నెట్‌వర్క్ పని:
దొరికిందండి. రెండు రౌటర్లూ డీహెచ్‌సీపీ నడుపుతున్నాయి, అంటే అడ్రసులు పంచే పని ఇద్దరూ చేస్తున్నారు. కరెంటు రాగానే పాత రౌటర్ త్వరగా లేచి ఉంటుంది, ఫైబర్‌ది లైను పట్టుకుని లేచేసరికి ఇంకాస్త టైమ్ పడుతుంది. ఈలోపు అడిగిన సిస్టమ్‌కి పాతదే అడ్రసు ఇచ్చి, గేట్‌వే నేనే అని చెప్తుంది. దాని వాన్ పోర్టు ఖాళీ కదా, నెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? వాన్‌లో పెడితే అది ఆఫీసుకీ కాటా గదికీ మధ్య గోడ కట్టినట్టే, అందుకే అప్పుడు ప్రింటర్ కనబడలేదు.

ఆఫీసు వైరు తీసేసి, ఒక్క లాప్‌టాప్‌ని పాత రౌటర్‌కి వైరుతో కలిపి 192.168.0.1 తెరవండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రం ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకుంటే పనైపోతుంది. లేకపోతే ముందు డీహెచ్‌సీపీ ఆపి, ఆ తర్వాత లాన్ అడ్రసు 192.168.1.2 చెయ్యండి, అయితే ఆ నంబరు ఫైబర్ రౌటర్ పంచే వరుసలో ఉండకూడదు, అందులోకి వెళ్లి చూసుకోండి. అప్పుడు వైరు మళ్లీ లాన్ పోర్టులోనే పెట్టండి. రెండు రౌటర్ల వైఫైలూ ఒకదానికొకటి అడ్డం రాకుండా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికి ఛానల్ 1, రెండోదానికి 6 గానీ 11 గానీ ఇవ్వండి. ప్రింటర్‌కి కూడా ఆ వరుస బయట అడ్రసు ఖాయం చేసెయ్యండి.

పాలకొల్లు కుర్రాడు:
నేను ప్రింటర్ సంగతి చూసుకోలేదు, సారీ అండి. వైరు పొడవు కూడా చూసుకోండి, రాగి వైరు 100 మీటర్లు దాటకూడదు.

మిల్లు గుమస్తా:
60 మీటర్లే అండి. యాక్సెస్ పాయింట్ మోడ్ లేదు, మీరు చెప్పినట్టే మార్చాను. ప్రింటర్‌కి 192.168.1.200 ఇచ్చాను, సిస్టమ్‌లలో పాత అడ్రసుతో ఉన్నది తీసేసి మళ్లీ కలిపేదాకా ప్రింటు రాలేదు, ఇంకెవరైనా చేస్తే అది మర్చిపోకండి. రెండు రౌటర్లూ స్విచ్ ఆపి మూడుసార్లు వేసి చూశాను, అన్ని సిస్టమ్‌లకీ 192.168.1 తోనే వస్తున్నాయి. ఇందాక నిజంగానే కరెంటు పోయి వచ్చింది, కాటా మీద లారీకి చీటీ వెంటనే వచ్చేసిందండి.