అప్‌డేట్: వెనుక ఎయిర్ లాకర్, ముందు హెలికల్ డిఫరెన్షియల్

రాళ్లు, బురద, ఇసుక మూడింటిలోనూ నడిపే బండికి తనంతట తానే పడే ఆటోమేటిక్ లాకర్ (ఒక యాక్సిల్ మీది రెండు చక్రాలనూ కలిపి తిప్పే పరికరం) మంచిదా, స్విచ్‌తో వేసుకునే సెలెక్టబుల్ లాకర్ మంచిదా అని ఇదివరకు అడిగాను. చివరికి వెనుక యాక్సిల్‌కు ఎయిర్ లాకర్ (గాలి ఒత్తిడితో పనిచేసే సెలెక్టబుల్ రకం), ముందు యాక్సిల్‌కు హెలికల్ లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (పట్టున్న చక్రానికి దానంతటదే ఎక్కువ బలం పంపే రకం) బిగించుకున్నాను.

రాళ్ల మీద తేడా వెంటనే తెలిసింది. మామూలుగా ఉండే ఓపెన్ డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) రెండిటికీ దాదాపు సమానంగానే టార్క్, అంటే తిప్పే బలం, పంపుతుంది కాబట్టి, ఒక చక్రం గాలిలోకి లేచి ఊరికే తిరిగితే నేలను పట్టుకున్న రెండో చక్రానికీ ఆ కాస్త టార్కే దక్కుతుంది; లాకర్ వేస్తే రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు గనుక పట్టున్న చక్రం బండిని ముందుకు తోస్తుంది. అయితే స్విచ్‌ను రాయి ఎక్కకముందే నొక్కాలి, చక్రం గిరగిరా తిరుగుతుండగా నొక్కితే లోపలి భాగాలు దెబ్బతినవచ్చు. ముందున్న హెలికల్ మాత్రం చక్రం పూర్తిగా లేచినప్పుడు చేతులెత్తేస్తుంది, బ్రేకు కొద్దిగా తొక్కిపెడితే మళ్లీ అందుకుంటుంది. ముందు లాకర్ లేకపోవడంతో స్టీరింగ్ తేలికగా ఉన్నందుకు ఆ లోటును భరించవచ్చని నా అభిప్రాయం.

పక్కకు వాలిన బురద దారిలో లాకర్ తీసేస్తున్నాను, ఎందుకంటే వెనుక చక్రాలు రెండూ ఒకేసారి జారితే బండి వెనుక భాగం పల్లం వైపు కొట్టుకుపోతుంది. ఇలా స్విచ్‌తో తీసేయడానికి వీల్లేని ఆటోమేటిక్ రకాన్ని వద్దనుకోవడానికి ముఖ్య కారణం ఇదే. ఇసుకలోనైతే లాకర్ కన్నా టైర్లలో గాలి తగ్గించడమే ఎక్కువ మేలు చేసింది.

ఇక లాకర్ గాలి గొట్టాన్ని సైలెన్సర్ వేడికి దూరంగా కట్టించే పని మిగిలింది.