ముహూర్తం వేళ మండపం మీద ఇన్ని కెమెరాలు అవసరమా?

పెళ్లికూతురి బాబాయి:
మాఘమాసంలో మా అన్నయ్యగారి అమ్మాయి పెళ్లి. ఫొటోలు, వీడియో మాట్లాడే పని నా నెత్తిన పడింది. వెళ్లి అడిగితే నిలబెట్టి తీసే ట్రెడిషనల్ టీమ్ వేరు, మనకు చెప్పకుండా సహజంగా తీసే క్యాండిడ్ టీమ్ వేరు అన్నారు. రెండింటిలోనూ ఫొటోకొకరు, వీడియోకొకరు. ఆపైన డ్రోన్, ఎల్‌ఈడీ స్క్రీన్. మొన్న చుట్టాల పెళ్లిలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మండపం చుట్టూ కెమెరావాళ్ల వీపులే. మొదటి వరసలో కూర్చున్న మా పెద్దమ్మ కూడా స్క్రీన్ మీదే చూసింది. జనం అక్షింతలు విసిరితే సగం వాళ్ల నెత్తిన పడ్డాయి. నేననేది ఒకటే. ముహూర్తం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా మండపం మీద ఒక్క కెమెరా చాలు. కాదంటారా?

పాత స్టూడియో:
చాలు. మా నాన్నగారు యాషికా కెమెరాతో తీసేవారు. 120 ఫిల్మ్ వేస్తే 12 ఫొటోలు, అంతే. 35 ఎం.ఎం. వచ్చాక రీలుకు 36. "మూడు రీళ్లు దాటొద్దు" అని పెళ్లివారు ముందే చెప్పేవారు. కాళ్లు కడగడం ఒకటి, జీలకర్ర బెల్లం రెండు, మాంగల్యధారణ రెండు, అప్పగింతలు ఒకటి. మిగతావన్నీ గ్రూపులే. చదివింపుల వేళ వరసలో వచ్చిన ప్రతివాడికీ ఫ్లాష్ కొట్టాల్సిందే. రీలు అయిపోతే ఉత్త ఫ్లాషే కొట్టేవాళ్లం. వాళ్లూ సంతోషంగా కవరు ఇచ్చి భోజనానికి వెళ్లేవారు.

క్యాండిడ్ కుర్రాడు:
పాత రోజుల్లో కెమెరా ఎవరికీ అడ్డురానట్టు చెప్తున్నారు పెద్దాయన. సూత్రం కట్టబోతున్న పెళ్లికొడుకును "బాబూ, ఒక్క నిమిషం ఆగు, ఇటు చూడు" అని చేతులు గాల్లో ఆపించింది ఎవరు సార్? వీడియో క్యాసెట్ల కాలంలో హాలోజన్ లైటు పట్టుకుని ఒక కుర్రాడు వెంటే తిరిగేవాడు. ఆ వేడికి పెళ్లికూతురి పౌడరంతా కారిపోయేది. మేం ఎవరినీ ఆపం. దూరాన్ని దగ్గరగా చూపే 70-200 లెన్స్ వేసుకుని దూరం నుంచే తీస్తాం.

కానీ ఒక్క కెమెరా అంటే కుదరదు. అడ్డుతెర దించగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునేది రెండు మూడు సెకన్లు. అమ్మాయి ముఖం అబ్బాయి భుజం మీదుగానే కనిపిస్తుంది, అబ్బాయి ముఖం అమ్మాయి భుజం మీదుగా. రెండు ముఖాలూ కావాలంటే ఇద్దరు ఉండాలి. కింద నుంచి తీద్దామంటే ముందు హోమగుండం, పక్కన పంతులుగారు, ఆ పైన పూల స్తంభాలు. మండపం డెకరేషన్ చేసేవాళ్లు కెమెరాకు చోటెక్కడో ఎప్పుడూ ఆలోచించరు.

డల్లాస్ పిన్ని:
వీసా స్టాంపింగ్ గొడవతో మా మేనకోడలి పెళ్లికి రాలేకపోయాం. తెల్లవారుజామున లేచి లైవ్‌లో చూశాం. మండపం మీద కెమెరా లేకపోతే మాలాంటివాళ్లకు పెళ్లే లేదు. హాల్లో ఉన్నవాళ్లు కాస్త పక్కకు జరిగి చూడగలరు. మేం ఎటు జరగాలి?

కొత్తకోడలు:
నాకు పెళ్లయి ఏడాది అవుతోంది. మాది మొత్తం క్యాండిడ్. ఫొటోలు చాలా బాగా వచ్చాయి, అందులో అబద్ధం లేదు. అప్పగింతల వేళ అమ్మ నా చెయ్యి వదలలేక వదిలిన ఫొటో ఒకటి ఉంది. "ఇటు చూడండి" అంటే అది ఎప్పటికీ వచ్చేది కాదు.

కానీ కొన్ని వేల ఫొటోల్లో మా నాయనమ్మది సరైనది ఒక్కటీ లేదు. ఉన్నవాటిలో నా వెనక మసకగా కనిపిస్తుంది. జడ, మెహందీ, కమ్మ, కాలి పట్టీ అన్నీ క్లోజప్‌లో ఉన్నాయి, మేనత్తలు మాత్రం లేరు. ఆల్బమ్‌కు ఫొటోలు సెలెక్ట్ చేసి ఇవ్వమని స్టూడియో వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కూర్చుంటే ఒక పూట పడుతుందని ఎవరూ కూర్చోవడం లేదు. ఇంకోటి, నేను ఏడుస్తున్న వీడియో నన్ను అడక్కుండానే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేశారు. తీసేయమంటే "మా వర్క్ కదా మేడమ్" అన్నారు.

కోర్టు గుమాస్తా:
అలా కాదమ్మా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లకే మొదటి హక్కు. చాలామంది అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టే కాగితంలోనే ఆ ఒప్పందం ఉంటుంది, ఎవరూ చదవరు. బాబాయిగారూ, మీరు చదవండి.

పాత స్టూడియో:
కోడలు చెప్పినదే అసలు సంగతి. కెమెరాలు ఎన్నని లెక్కపెడుతున్నాం గానీ, ఫొటోలో ఎవరున్నారని అడగడం లేదు. మేం ఫ్లాష్ పెట్టి లెన్స్ కన్నం చిన్నది చేసి తీసేవాళ్లం. మూడో వరసలో బిందె పట్టుకుని నిలబడ్డవాడి ముఖం కూడా స్పష్టంగా పడేది. ఈ రోజు ఎవరింట్లోనైనా పాత ఆల్బమ్ తెరవండి. బటర్ పేపర్ తీసి ముందు చూసేది పెళ్లికూతుర్ని కాదు. "ఇదిగో మావయ్య, అప్పుడు ఎంత సన్నగా ఉన్నాడో" అంటారు.

క్యాండిడ్ కుర్రాడు:
ఆ మాట ఒప్పుకుంటాను. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 వచ్చాక స్టిల్ కెమెరాతోనే ఫుల్ హెచ్‌డీ వీడియో తీయడం మొదలైంది. వెనకంతా మసకబారి ముఖం ఒక్కటే తేలే సినిమా లుక్ పెళ్లి వీడియోల్లోకి బాగా పాకింది ఆ తర్వాతే. ఆ మసకలో పోయింది చుట్టాలే. కానీ మమ్మల్ని పిలిచే జంటలు చూపించే శాంపిళ్లన్నీ అవే సార్. "మాకు ఇలాగే కావాలి" అంటారు. నాయనమ్మ ఎవరో మాకు చెప్పేవాళ్లే ఉండరు. ఇంటి మనిషి ఒకరు పక్కన నిలబడి వేలు పెట్టి చూపిస్తే తీయమా?

పెళ్లికూతురి బాబాయి:
సరే, ఇలా అనుకుంటున్నాను. అడ్డుతెర దించేదాకా పైన ఇద్దరు, ఇంకెవరూ ఎక్కకూడదు. ఆ తర్వాత వాళ్లూ దిగిపోవాలి. పిన్నిగారి కోసం లైవ్ కెమెరా ఒక మూల స్టాండు మీద, మనిషి లేకుండా. చుట్టాలను చూపించడానికి మా బావమరిదిని పెడతాను, వాడికి అందరి వరసలూ నోటికొచ్చు. గ్రూపులకు వేరే టైమ్ ఇస్తాను. డ్రోన్ వద్దు, దాని రొదలో మంత్రం వినపడదు.

పాత స్టూడియో:
గ్రూపులు భోజనాలకు ముందే పెట్టండి. బంతి లేచాక సగం మంది బస్సుకు టైమవుతోందంటారు.

క్యాండిడ్ కుర్రాడు:
తలంబ్రాలకు దిగమంటే మాత్రం కష్టం అంకుల్. కింద నుంచి తీస్తే మోచేతులే పడతాయి. ఒక్కణ్ణి పైకి రానివ్వండి, మోకాళ్ల మీద కూర్చుని తీస్తాను, ఎవరికీ అడ్డురాను. అదీ కుదరదంటే అగ్రిమెంటులో ముందే రాయించండి. తర్వాత తలంబ్రాల ఫొటోలు సరిగ్గా రాలేదని మా మీద పడొద్దు.